మా బాటలకు పేర్లున్నాయి

ఓ చలికాలం పొద్దున మా బడి ముందు రెండు కార్లు ఆగాయి. దిగినవాళ్లకు కాళ్లకు రంగురంగుల బూట్లు, చేతికి పెద్ద గడియారాలు, వీపున నీళ్ల సంచులు. "మేస్టారూ, ఇక్కడ పరుగెత్తడానికి మంచి రూట్లు ఏమున్నాయి?" అని అడిగారు. మాకు వెంటనే జవాబు తోచలేదు. పక్కన నిలబడ్డ ఐదో తరగతి పిల్లాడు మా చెయ్యి లాగి, "వీళ్లని ఎవరు తరుముతున్నారు సార్?" అన్నాడు.

మాకు నవ్వొచ్చింది. వాళ్లకూ వచ్చింది. కానీ పిల్లాడి మాటలో తప్పేమీ లేదు. అరకు, అనంతగిరి కొండల మీద, సముద్రమట్టానికి మూడు వేల అడుగులకు పైన ఉన్న ఊరు మాది. మా ఊళ్లో పరుగంటే పని. చోడి చేలో పందులు పడితే పరుగు. వాన మొదలైతే ఆరబోసిన పసుపు దగ్గరికి పరుగు. పొద్దెక్కకముందే సంతకు చేరాలని కావిడి భుజాన వేసుకుని పరుగు. సరదాకి కొండెక్కి సరదాకి దిగేవాళ్లుంటారని మా పెద్దలకు తెలియదు.

పట్నంవాళ్లు దాన్ని ట్రైల్ రన్నింగ్ అంటున్నారు. తారు రోడ్డు మీద కాకుండా కొండ బాటల్లో, అడవి దారుల్లో పరుగెత్తడం. ఇది ప్రపంచమంతా ఉన్న ఆటే. ఆల్ప్స్ కొండల్లో మాంట్ బ్లాంక్ పర్వతం చుట్టూ, ఫ్రాన్స్, ఇటలీ, స్విట్జర్లాండ్ మూడు దేశాల మీదుగా దాదాపు 170 కిలోమీటర్ల పందెం 2003 నుంచి జరుగుతోంది. అందులో ఎక్కే ఎత్తులన్నీ కలిపితే పది వేల మీటర్ల దాకా ఉంటుంది. మంచి ఆటే. దాన్ని తప్పుపట్టడానికి ఇది రాయడం లేదు.

రెండు నెలల తర్వాత వాళ్లు మరికొందరిని తీసుకుని మళ్లీ వచ్చారు. చెట్లకు ఎర్ర రిబ్బన్లు కట్టారు. మా కుర్రాళ్లకు రోజు కూలి ఇచ్చి మలుపు మలుపునా నిలబెట్టారు, వచ్చేవాళ్లకు నీళ్లు, అరటిపళ్లు అందించమని. ఆ బాటల్లో పుట్టి పెరిగిన కుర్రాళ్లు నీళ్ల సీసాలు పట్టుకుని నిలబడ్డారు. మీరూ పరుగెత్తండి అని వాళ్లు అనలేదు. మా పిల్లలూ పరుగెత్తుతారు అని మేమూ అనలేదు. మేం అనకపోవడం మా తప్పే.

వెళ్తూ వెళ్తూ వాళ్లు గీసుకున్న పటం ఒకటి బడికి ఇచ్చారు. రంగుల్లో అచ్చువేసిన చక్కటి పటం. మా గెడ్డ ఉంది, మా మెట్ట ఉంది. మెట్ట దిగే చోట, తూర్పు వైపు లోయ కనబడే పెద్ద బండ దగ్గర 'సన్‌రైజ్ పాయింట్' అని రాసి ఉంది.

దాన్ని మేం డోలీ బండ అంటాం.

డోలీ అంటే ఈ పుస్తకం చదివే మన పిల్లల్లో చాలామందికి చెప్పక్కర్లేదు. పొడవాటి కర్రకు దుప్పటి ఉయ్యాలలా కట్టి, అందులో రోగినో నిండు చూలాలినో పడుకోబెట్టి, ముందొకరు వెనకొకరు మోసుకుంటూ, భుజాలు మార్చుకుంటూ రోడ్డు దాకా దిగడం. మా ఊరి నుంచి రోడ్డుకు సగం దారిలో ఆ బండ. నడుమెత్తున బల్లపరుపుగా ఉంటుంది. డోలీ దించడానికి, మోసేవాళ్లు భుజాలు మార్చుకోవడానికి దానికన్నా మంచి చోటు లేదు. అందుకే ఆ పేరు.

మేం ఉపాధ్యాయ శిక్షణ చదువుతున్న రోజుల్లో మా పిన్నిని ఆ బాటలోనే దింపారు. రెండో కాన్పు. ముసురు పట్టి మూడు రోజులైంది, గెడ్డ తగ్గేదాకా ఆగాల్సి వచ్చింది. బండ మీద దించినప్పుడు ఊపిరి ఉంది, మంచినీళ్లు అడిగింది. భుజాలు మార్చుకుని మళ్లీ ఎత్తేటప్పటికి లేదు. బిడ్డా దక్కలేదు.

ఆ పటం చూసి మాకు కోపం వచ్చింది. కానీ తెలియనివాళ్ల మీద కోపం ఎంతసేపు నిలుస్తుంది? మర్నాడు బడిలో పటం గోడకు పెట్టి, ఆ బండ మీద వేలు పెట్టి, "దీని పేరేంటి?" అని అడిగాం. పందొమ్మిది మంది పిల్లలు. ముగ్గురికే తెలుసు. ఒకమ్మాయి లేచి, పటంలో ఉన్న పేరే చదివి కూర్చుంది.

మాకు అసలు దెబ్బ అక్కడ తగిలింది. పేరు మార్చింది బయటివాళ్లే అనుకున్నాం. మన పిల్లలకు చెప్పకుండా పేరును ముందే వదిలేసింది మనమే.

కారణం వెతికితే దూరం పోనక్కర్లేదు. మా ఊరికి రోడ్డు వచ్చి కొన్నేళ్లే అయింది. ఆ రోడ్డు కోసం ఎన్ని అర్జీలు పెట్టామో మాకే తెలుసు. రోడ్డు వద్దని, పాత బాటే ముద్దని రాసేవాళ్లు ఎప్పుడూ డోలీ మోసి ఉండరు. మాకు రోడ్డు కావాలి, అంబులెన్సు కావాలి. కానీ రోడ్డు రాగానే సంతకు ఆటో, బడికి ఆటో. బాట మీద పాదం పడటం మానేసింది. ఎవరూ నడవని బాట రెండు వానాకాలాలకే కనబడకుండా పోతుంది. ముందు గడ్డి, తర్వాత తుప్పలు, ఆ తర్వాత మట్టి జారి అంచు కూలుతుంది. బాటతో పాటే పేర్లు పోతాయి.

పేర్లు పోతే ఏం పోయింది అనేవారికి 2014 గుర్తు చేస్తాం. అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ దగ్గర తీరం దాటింది. కాఫీ తోటలకు నీడనిచ్చే సిల్వర్ ఓక్ చెట్లు వరసలు వరసలుగా కూలాయి. ఘాట్ రోడ్ల మీద చెట్లు, బండలు. బియ్యానికీ కిరసనాయిలుకీ కిందికి దిగాల్సి వచ్చినప్పుడు మాకు తోవ చూపింది ఓ ముసలాయన. గట్టు మీదుగా పశువులను తోలే బాట. "గెడ్డ మొదటి చోట దాటొద్దు, జీలుగు చెట్ల దగ్గర దాటండి, అక్కడ కింద రాయి ఉంది" అన్నాడు. నీళ్లు ఎర్రగా ఉన్నాయి, అడుగు కనబడదు. ఆయన చెప్పినచోట కాలు పెడితే రాయి తగిలింది. ఆ ఒక్క మాట వల్ల పదకొండు మందిమి బియ్యం మూటలతో తిరిగొచ్చాం. ఇప్పుడాయన లేడు. అలాంటి మాటలు ఇంకెన్ని తెలుసో మేం అడిగి రాసుకోలేదు.

అందుకే పిల్లలతో మా పటం మేం గీయడం మొదలుపెట్టాం. తోటి టీచర్లకు పనికొస్తుందని ఎలా చేశామో కాస్త వివరంగా చెబుతాం.

దూరం అడుగులతో కొలిచాం. కుడికాలు పడినప్పుడల్లా ఒకటి అని లెక్కపెట్టాలి. ముందుగా బడి ముందు రోడ్డు మీద వంద మీటర్లు టేపుతో కొలిచి, ఎవరికి ఎన్ని అడుగులు పడుతున్నాయో చూసుకున్నాం. మా ఐదో తరగతి పిల్లలకు కిలోమీటరుకు దాదాపు ఎనిమిది వందల కుడి అడుగులు పడ్డాయి. వంద అయినప్పుడల్లా జేబులోంచి ఒక చింతపిక్క తీసి సంచిలో వెయ్యాలి. ఇంటికొచ్చి పిక్కలు లెక్కపెడితే దూరం. ఎత్తుకు ఫోన్ వాడాం. సిగ్నల్ లేకపోయినా అది ఉపగ్రహాల నుంచి ఎత్తు పట్టుకుంటుంది. ఎత్తంటే ఏమిటో పిల్లలకు రైల్వే స్టేషన్ చెప్పింది. స్టేషన్ పేరు పలక మీద సముద్రమట్టం నుంచి ఎంత ఎత్తో రాసి ఉంటుంది. మా కొండల్లోని శిమిలిగూడ 996 మీటర్లు. విశాఖలో సముద్రం ఒడ్డు నుంచి రైలు ఎంత ఎత్తు ఎక్కి వస్తుందో పిల్లలు అప్పుడు లెక్కేశారు.

అలా నాలుగు బాటలు పటం మీదికొచ్చాయి.

మొదటిది సంత బాట. ఏడు కిలోమీటర్లు. బరువు మోసేవాళ్లు వేసిన బాట కాబట్టి ఎక్కడా నిటారుగా ఎక్కదు, కొండ నడుమును చుట్టుకుంటూ పోతుంది. రెండోది గెడ్డ బాట. ఆడవాళ్లు నీళ్లకు వెళ్లే దారి, ఊరి చుట్టూ తిరిగి బడికే వస్తుంది. చిన్న పిల్లలకు ఇదే మంచిది. మూడోది గట్టు బాట. పశువులు కాసేవాళ్లది, నేరుగా మీదికెళ్తుంది, వలిసె పూసినప్పుడు పైనుంచి చూస్తే కొండలన్నీ పసుపు పూసినట్టుంటాయి. నాలుగోది డోలీ బాట.

బాటను చూస్తే దాన్ని వేసిందెవరో తెలుస్తుంది. చుట్టూ తిరిగేది బరువుది, నిటారుగా పోయేది తొందరది. ఈ సంగతి పిల్లలకు పుస్తకంలో దొరకదు, కాళ్లతో తెలుస్తుంది.

లెక్కల పాఠమూ ఇందులోనే ఉంది. 1892లో విలియం నైస్మిత్ అనే స్కాట్లాండ్ పర్వతారోహకుడు కొండదారికి ఎంత సమయం పడుతుందో ఒక సూత్రం చెప్పాడు. ఇప్పటి కొలతల్లో ఇంచుమించు ఇలా ఉంటుంది. ప్రతి 5 కిలోమీటర్లకు ఒక గంట, ఎక్కే ప్రతి 10 మీటర్ల ఎత్తుకు అదనంగా ఒక నిమిషం. మా సంత బాటలో ఎక్కుళ్లన్నీ కలిపితే 240 మీటర్లు వచ్చింది. ఏడు కిలోమీటర్లకు 84 నిమిషాలు, ఎత్తుకు 24, మొత్తం 108. పిల్లలు గంటా ఇరవై నిమిషాల్లో చేరారు. వాళ్ల వెనకాలే నెత్తిన పసుపు మూటతో వచ్చిన మా మేనత్తకు గంటా యాభై పట్టింది. అంటే ఆ సూత్రం చెప్పే సమయమే, అదీ మూటతో. "ఆయన సూత్రంలో అత్త మూట ఎక్కడుంది సార్?" అని ఒక పిల్ల అడిగింది. అంతకన్నా మంచి ప్రశ్న మా శిక్షణ రోజుల్లో మేమూ అడగలేదు.

కావిడి మోసేవాళ్ల దగ్గర పిల్లలు పరుగు నేర్చుకున్నారు. కావిడితో నడిచేవాడు పూర్తిగా నడవడు, పూర్తిగా పరుగెత్తడు. బద్ద ఊగుతుంది. ఆ ఊపుకు అడుగు కలిస్తే బరువు తేలిక, తప్పితే భుజం కోసుకుపోతుంది. అందుకే చిన్న చిన్న అడుగులు, త్వరత్వరగా. దిగుడులో మోకాళ్లు కొంచెం వంచి, మడమ కొట్టకుండా, చూపు మూడు నాలుగు అడుగుల ముందు. పట్నం కోచ్‌లు చెప్పేదీ ఇంచుమించు ఇదే.

సాంఘిక శాస్త్రంలో మన్యం పోరాటం పాఠం వచ్చినప్పుడు పటం ఇంకో పనికొచ్చింది. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి. వరసగా మూడు రోజుల్లో మూడు పోలీసు స్టేషన్లు. మధ్యలో పదుల కిలోమీటర్ల కొండ దారి, వానాకాలం. అల్లూరి సీతారామరాజు పేరు పిల్లలందరికీ తెలుసు. గాం గంటం దొర, మల్లు దొర పేర్లు కొందరికి తెలుసు. వాళ్లంతా ఎలా వెళ్లారు అని మాత్రం ఇన్నేళ్లలో ఏ పిల్లా అడగలేదు, మేమూ చెప్పలేదు. ఆ ఏడాది ఒక పిల్లాడు చెయ్యెత్తి, "బాటలు తెలిసినవాళ్లు కాబట్టి వెళ్లగలిగారు సార్" అన్నాడు.

పటం పూర్తవుతుండగా ఊళ్లో ఒక పెద్దాయన అడ్డం చెప్పాడు. "గీయండి గానీ బాబూ, కాగితం మీదికెక్కిన బాట మనొక్కరిదే ఉండదు. ఎవడైనా పట్టుకుని వచ్చేస్తాడు" అన్నాడు. మేం కాదనలేకపోయాం. ఊరంతా కూర్చుని మాట్లాడుకున్నాం. చివరికి రెండు పటాలు గీయాలని తేలింది. బడి గోడ మీది పటంలో ఈ నాలుగు బాటలూ ఉంటాయి. ఊటలు, దేవుడి తోపు, దుంపలు తవ్వుకునే చోట్లు, శ్మశానం ఉన్న రెండో పటం ఊరి దగ్గరే ఉంటుంది, గ్రామసభ అడిగినప్పుడే బయటికొస్తుంది.

ఆ రెండో పటానికి వేరే విలువ ఉంది. 2006 అటవీ హక్కుల చట్టం కింద సామూహిక హక్కులకు దరఖాస్తు చేసేటప్పుడు మేత భూములు, దుంపలూ మేతా సేకరించే చోట్లు, నీటి వనరులు సాక్ష్యంగా చూపొచ్చు. ఇవన్నీ విడివిడి చుక్కలు. వాటిని కలిపేవి బాటలే. మన తాతలు అక్కడికి వెళ్లేవారని నోటితో చెప్పడం వేరు, ఇదిగో ఈ బాటన వెళ్లేవారని చూపించడం వేరు. యువకులు ఈ పని నేర్చుకోవాలి. ఊళ్లో పెద్దలు ఉండగానే నేర్చుకోవాలి.

పటం గీశాక బాటలు మిగలాలి కదా. గోడ మీద గీత ఉండి నేల మీద తుప్పలుంటే ఏం లాభం? అప్పుడు పరుగు గుర్తొచ్చింది. ఇప్పుడు నెలలో చివరి శనివారం పిల్లలు ఒక బాటన పరుగెత్తుతారు. ఆశ్రమ పాఠశాలల్లో చదివే పెద్ద పిల్లలు సెలవులకు వస్తే వాళ్లూ కలుస్తారు. ముందు ఇద్దరు యువకులు కత్తులతో తుప్ప నరుకుతూ పోతారు. వెనక అందరి పాదాలు బాటను తొక్కి గట్టిపరుస్తాయి. బహుమతి లేదు. వచ్చాక చోడి అంబలి ఉంటుంది.

కొన్ని కట్టుబాట్లున్నాయి. ఒంటరిగా ఎవరూ వెళ్లకూడదు. మసక చీకట్లో ఎలుగులు తిరుగుతాయి కాబట్టి పొద్దు పొడిచాకే బయలుదేరాలి. గెడ్డ నీళ్లు ఎర్రబడి ఆకులలములు కొట్టుకొస్తుంటే పైన వాన పడిందని అర్థం, దాటకూడదు. వేసవిలో మధ్యాహ్నం ఉరిమితే గట్టు మీద ఉండకూడదు. వెనకబడ్డ పిల్ల కోసం ముందున్నవాళ్లు ఆగాలి.

పిల్లలకు మేం మెక్సికో కొండల్లోని రారామురి ఆదివాసుల సంగతి చెప్పాం. 1993లో అమెరికాలోని లెడ్‌విల్ అనే ఎత్తయిన కొండ ఊళ్లో వంద మైళ్ల పందెం జరిగితే, విక్టోరియానో చురో అనే రారామురి మనిషి 55 ఏళ్ల వయసులో టైరు చెప్పులతో గెలిచాడు. 2017లో లొరెనా రమీరెజ్ అనే అమ్మాయి తమ సంప్రదాయ పావడా, చెప్పులతోనే 50 కిలోమీటర్ల పందెంలో ఆడవాళ్లలో మొదట వచ్చింది. "మన సంతలో అమ్మే టైరు చెప్పుల్లాంటివేనా?" అని పిల్లలు ఆశ్చర్యపోయారు. చెప్పులే గొప్పవని దీనర్థం కాదు. మా పిల్లలకు మంచి బూట్లు దొరికితే మేం సంతోషిస్తాం. లేవని మాత్రం పక్కన నిలబడక్కర్లేదు. నిజామాబాద్ జిల్లా పాకాల గ్రామం నుంచి వచ్చిన మన గిరిజన బిడ్డ మాలావత్ పూర్ణ 2014 మే 25న ఎవరెస్టు ఎక్కినప్పుడు ఆమెకు పద్నాలుగేళ్లు నిండలేదు. ముందు ఎవరో అడగాలి, నువ్వూ వస్తావా అని. టీచర్లుగా మనం చేయాల్సింది అదే. ఆ రోజు మేం చేయనిదీ అదే.

మొన్న చలికాలం ఆ కార్లవాళ్లు మళ్లీ వచ్చారు. మంచివాళ్లే. ఈసారి మేం గోడ మీది పటం చూపించాం. మా ఊరి పిల్లలు ముందు పరుగెత్తితేనే మీరు వెనక రావాలి, మా పేర్లే రాయాలి అన్నాం. వాళ్లు ఒప్పుకున్నారు. ఫోన్లు తీసి పేర్లు ఒక్కొక్కటే అడిగి రాసుకున్నారు. పలకడం రానప్పుడు పిల్లలు దిద్దారు.

పటం మీద డోలీ బండ దగ్గర మా ఐదో తరగతి పిల్ల తన చేతిరాతతో ఒక వాక్యం రాసింది. ఏం రాయాలో మేం చెప్పలేదు, వాళ్ల అమ్మమ్మను అడిగి తెలుసుకుని రాసింది. "ఇక్కడ ఎవరూ పరుగెత్తరు. నడిచి దాటాలి."

ఆ రోజు మా పిల్లల వెనక దిగిన పట్నంవాళ్లు అది చదివే వచ్చారు. బండ కనబడగానే ముందున్న పిల్లలు నడక పట్టారు. వెనకవాళ్లూ నడిచారు. ఒకాయన చేతి గడియారం ఆపబోయి, ఆపకుండానే చెయ్యి దించేశాడు. బండ దాటాక అందరూ మళ్లీ పరుగందుకున్నారు.